ధర్మాబాద్ నుంచి మలక్‌పేటకు: ఒక రేసు రోజు, రెండు జిరాక్స్ కాగితాలు

మాది ధర్మాబాద్. నాందేడ్ జిల్లాలో తెలంగాణను ఆనుకుని ఉండే ఊరు, రైలెక్కితే కాసేపట్లో బాసర వచ్చేస్తుంది. దుకాణాల బోర్డులు మరాఠీలో ఉంటాయి, లోపల బేరాలు తెలుగులో జరుగుతాయి. నేను మిర్చి అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. గుర్రాలకూ నాకూ సంబంధం ఏమిటంటే మా కాక. నా చిన్నప్పుడు ఆయన నన్ను ప్రతి ఏడాదీ లోహా దగ్గరి మాళెగావ్ ఖండోబా జాతరకు తీసుకెళ్లేవాడు. అక్కడ గుర్రాలు, గాడిదలు, ఒంటెలు అమ్ముతారు. కాక ఒక్కటీ కొనేవాడు కాదు, కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రతి గుర్రాన్నీ అల్లుడిని చూసినట్టు ఎగాదిగా చూసేవాడు.

రేసుల పిచ్చి మాత్రం నాది. రాష్ట్రం లెక్కన చూస్తే మాకు ముంబై మహాలక్ష్మి, పుణె మైదానాలు రావాలి, పేరున్న పెద్ద రేసు ఇండియన్ డెర్బీ 1943 నుంచి జరుగుతున్నదీ ముంబైలోనే. వానాకాలం రాగానే ముంబై గుర్రాలన్నీ పుణెకు దిగుతాయి. కానీ ధర్మాబాద్ వాడికి పుణె ఎక్కడ, కాచిగూడ ఎక్కడ! రాత్రి పడుకుని తెల్లవారుజామున రైలెక్కితే మధ్యాహ్నానికి మలక్‌పేట మైదానంలో నిలబడొచ్చు. అందుకని 2024 వానాకాలంలో ఒక ఆదివారం, కాకను వెంటేసుకుని, మొదటిసారి ఒక రోజు రేసులన్నిటికీ ముందే కూర్చుని కాగితం రాసుకుని వెళ్లాను. అంతకుముందు రెండుమూడుసార్లు ఊరికే వెళ్లి, పక్కవాడు ఏది చెబితే అది కాసి, ఖాళీ జేబుతో వచ్చాను.

ముందు రోజు సాయంత్రం ఫోన్లో రేసు కార్డు దించుకుని, బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో రెండు కాపీలు తీయించాను. షాపాయన పైపైన చూసి "ఏం పరీక్ష సార్ ఇది?" అన్నాడు. నిజంగానే ప్రశ్నపత్రంలా ఉంటుంది. వరుసగా గుర్రం నంబరు, పేరు, వయసు, మోయాల్సిన బరువు, గేటు నంబరు, జాకీ, ట్రైనర్, వెనక పరుగెత్తిన నాలుగైదు రేసుల్లో ఎన్నో స్థానంలో వచ్చిందో అంకెలు. ఒక కాపీ నాకు, ఒకటి కాకకు. కాకకు ఇంగ్లీషు రాదు కానీ అంకెలు వచ్చు, అది చాలు అనుకున్నాను. చాలడం కాదు, ఎక్కువే అయింది, చెప్తాను.

రాత్రి భోజనం చేసి పెన్సిలు, రబ్బరు పట్టుకుని కూర్చుంటే మా ఆవిడ వచ్చి నిలబడింది. సుప్రీంకోర్టు 1996లోనే గుర్రప్పందేలు ప్రధానంగా నైపుణ్యం మీద నడిచేవి, జూదం కిందికి రావు అని తీర్పిచ్చిందని చెప్పాను. "ఆ నైపుణ్యమేదో కిరాణా లెక్కలో చూపించరాదూ" అని పాల గిన్నె మీద మూత పెట్టి వెళ్లి పడుకుంది.

మొత్తం ఎనిమిది రేసులు. నేను మొదట చేసే పని గెలిచే గుర్రాన్ని వెతకడం కాదు, వదిలేయాల్సిన రేసుల్ని కొట్టేయడం. మొదటి రేసు ఇంతవరకు ఒక్కసారీ గెలవని మూడేళ్ల గుర్రాలది. అందులో సగం అసలు మైదానమే ఎక్కలేదు. వాటి గురించి కాగితంలో ఉండేది తల్లీతండ్రుల పేర్లు, పొద్దుటి ప్రాక్టీసు టైములు, అంతే. ఆఖరి 600 మీటర్లు 40 సెకన్లలో తిరిగిందని రాసి ఉంటే బాగానే ఉందనిపిస్తుంది, కానీ దాన్ని తోలి తోలి తిప్పారా, కళ్లెం బిగించి పట్టుకుంటే కూడా అంతలో తిరిగిందా అన్నది వేరే మాట. అది కూడా పక్కన ఒక ముక్క రాస్తారు, అది చదవకుండా సెకన్లు మాత్రం చదివేవాళ్లే ఎక్కువ. మొదటి రేసు కొట్టేశాను. నాలుగు, ఏడు, ఎనిమిది కూడా కొట్టేశాను, ఒక్కోదాంట్లో ఐదారు గుర్రాలు ఒకేలా కనబడ్డాయి. నాలుగో రేసు పక్కన పెద్ద అక్షరాలతో "వదిలెయ్" అని రాశాను. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

మిగిలినవి రెండు, మూడు, ఐదు, ఆరు. వీటిలో నాకు గంటన్నర పట్టింది మూడో రేసు. 1400 మీటర్లు, రేటింగు 40 నుంచి 65 మధ్య ఉన్న గుర్రాలకు.

రేటింగు అంటే తెలియనివాళ్లకు: గుర్రం గెలిచే కొద్దీ దానికి పాయింట్లు పెంచుతారు, ఓడే కొద్దీ దించుతారు. ఒక్కో పాయింటుకు అర కిలో బరువు. జాకీ, జీను కలిపి ఆ బరువు తూగాలి, తక్కువైతే జీను కింద సీసం బిళ్లలు పెడతారు. అన్ని గుర్రాలూ ఒకేసారి గీత దాటాలని బరువులు సర్దేవాడి కోరిక, అది ఎప్పుడూ జరగదు కాబట్టే రేసులు నడుస్తున్నాయి. మా మండీలో ఒక మాట ఉంది, బస్తా పైన మంచి కాయ, అడుగున తాలు కాయ అని. రేసు కార్డు కూడా అలాంటిదే. పైన కనబడేది చివరి రేసు ఫలితం. చెయ్యి అడుగు దాకా పెట్టి చూడాలి.

ఆ మూడో రేసులో ఒకటో నంబరు గుర్రం క్రితంసారి 1200 మీటర్లు మూడు లెంతుల తేడాతో గెలిచింది. లెంతు అంటే ఒక గుర్రం పొడవు, దాదాపు రెండున్నర మీటర్లు. అందరి కళ్లూ దాని మీదే ఉంటాయని కాగితం చూడగానే తెలిసిపోతుంది. కానీ అప్పుడు అది మోసింది 55 కిలోలు, ఇప్పుడు 60. పది పాయింట్లు పెంచారన్నమాట. చిన్న దూరాల్లో ఒక లెంతుకు కిలో పైచిలుకు అని పాతవాళ్లు లెక్క కడతారు. ఆ లెక్కన ఐదు కిలోలంటే పోయినసారి గెలిచిన మూడు లెంతులు హారతి కర్పూరమే. పైగా దూరం 200 మీటర్లు పెరిగింది, గేటు నంబరు చూస్తే బయటి అంచున పడింది, మలుపులో అందరికంటే ఎక్కువ నేల తిరిగి రావాలి. పెన్సిలుతో దానికి అడ్డగీత కొట్టాను.

ఐదో నంబరు చూడబోతే పోయినసారి నాలుగో స్థానం. ఎవరూ పట్టించుకోని అంకె. ఇక్కడే పాత రేసు వీడియో తీసి చూశాను, ఒకసారి కాదు, ఆరేడుసార్లు. ఆఖరి మలుపు తిరిగాక ఇంకా మూడు వందల మీటర్లుందనగా అది లోపలి కంచె పక్కన ఇరుక్కుపోయింది. ముందు ఒక గుర్రం అలసిపోయి వెనక్కి వస్తోంది, పక్కన ఇంకోటి. కుర్ర జాకీ కళ్లెం లాగి, ఆపి, బయటికి తెచ్చి మళ్లీ తోలాడు. అప్పటికే గెలిచే గుర్రం వెళ్లిపోయింది, అయినా చివరి వంద మీటర్లలో ఇది ముగ్గురిని దాటింది. నాలుగో స్థానం అన్న అంకెలో ఇదంతా ఎక్కడుంది? ఈసారి మూడు పాయింట్లు దించారు, అంటే 56 నుంచి 54.5 కిలోలు. కుర్రవాడి స్థానంలో సీనియర్ జాకీ ఎక్కుతున్నాడు. జాకీకి ఎక్కువ విలువ ఇవ్వకూడదు అనేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. పేసీ ష్రాఫ్ జాకీగా ఇండియన్ డెర్బీ ఎనిమిదిసార్లు గెలిచాడంటే ఎనిమిదిసార్లూ గుర్రమే మోసిందా? ఇరుక్కోకుండా తేవడం కూడా పనే. ఐదో నంబరు చుట్టూ గట్టిగా సున్నా చుట్టాను, పెన్సిలు మొన విరిగింది.

మిగతావి తొందరగా తేలిపోయాయి. రెండో రేసుకు ఆరో నంబరు. ఐదో రేసుకు రెండో నంబరు, ఇంతకుముందు పై తరగతిలో పరుగెత్తి ఇప్పుడు కిందికి దిగింది, ధర, అంటే గెలిస్తే వచ్చే లాభం, తక్కువ పలుకుతుంది కానీ దాన్ని కాదనడానికి నాకు కారణం దొరకలేదు. ఆరో రేసుకు ఏడో నంబరు. నాలుగు పందేలు, వందేసి రూపాయలు, అంతకు మించి వద్దు అని అడుగున రాసుకున్నాను. కాక కాగితం మీద కూడా అవే గుర్తులు దించి, ఆయనకు అర్థమయ్యేట్టు వదిలేయాల్సిన రేసులకు నిలువునా గీత కొట్టాను.

ధర విషయం కూడా చెప్పాలి. సిక్స్ టు ఫోర్ అంటే వందకు నూటయాభై లాభం. ఆ ధర గిట్టాలంటే ఆ గుర్రం పది రేసుల్లో నాలుగు గెలవాలి. ఫైవ్ టు వన్ అయితే ఆరింట్లో ఒక్కటి గెలిచినా లెక్క సరిపోతుంది. ఒక రేసులో అన్ని గుర్రాలకూ ఇలా శాతాలు కట్టి కూడితే వంద దాటుతుంది, ఆ దాటిందే పందేలు కట్టించుకునే బుకీ కూలి. దానికి తోడు జీఎస్టీ. అప్పుడు 28 శాతం, పందెం పూర్తి విలువ మీద. నేను వంద కాసిన ప్రతిసారీ చేతిలోంచి 128 వెళ్లాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం అయింది, కాబట్టి ఇది చదివి ఉత్సాహపడేవాళ్లు ముందు ఆ లెక్క వేసుకోండి.

తెల్లవారుజామున రైలు. బాసర దాటాక గోదావరి వంతెన మీద కాక లేచి కిటికీలోంచి రూపాయి బిళ్ల వేసి దండం పెట్టుకున్నాడు. "ఏం మొక్కినవు కాకా" అంటే "నీ కాగితం నిజం గావాలని" అన్నాడు. నేను నవ్వాను.

కాచిగూడలో దిగి, టిఫిన్ చేసి, మలక్‌పేట చేరేసరికి మబ్బు పట్టి ఉంది. ఈ మైదానం ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో 1886లో మౌలాలి నుంచి ఇక్కడికి వచ్చిందని చెబితే కాక చుట్టూ చూసి "మంచి జాగనే పట్టిండు" అన్నాడు.

రెండో రేసులో మా ఆరో నంబరు రెండో స్థానంలో వచ్చింది. మెడ తేడా. ఇద్దరివీ 128 పోయాయి. తప్పు కాలేదు, దగ్గరికి వచ్చాం అనుకున్నాను.

మూడో రేసుకు ముందు పెడాక్ దగ్గర కంచె పట్టుకుని నిలబడ్డాం. గుర్రాల్ని గుండ్రంగా నడిపిస్తారు, అక్కడ ఇరవై నిమిషాలు చూస్తే కాగితంలో లేనివి కనబడతాయి. ఒకటో నంబరు గోధుమ రంగు, మెరిసిపోతోంది, తల ఎగరేస్తోంది, పట్టుకున్నవాణ్ని లాక్కెళ్తోంది. జనం "చూడు చూడు ఎట్లుందో" అంటున్నారు. కాక మాత్రం దాని వెనక కాళ్ల మధ్య చూపించాడు, అక్కడ సబ్బు నురగలా తెల్లగా చెమట. "పరుగెత్తకముందే పరుగెత్తుతున్నది గది" అన్నాడు. తర్వాత ఐదో నంబరు వచ్చింది. చిన్న గుర్రం, నల్లెరుపు, చెవులు వదులుగా, నిద్రమొహంతో నడుస్తోంది. నాకు నీరసంగా ఉందేమో అనిపించింది. కాక మాళెగావ్‌లో చేసినట్టే కిందికి వంగి నేల చూశాడు. వాన పడ్డ మెత్తటి దారి, గిట్టల అచ్చులు స్పష్టంగా ఉన్నాయి. "ముందు కాలు ఎక్కడ పడ్డది? వెనక కాలు దాన్ని దాటి జానెడు ముందు పడుతున్నది. సోమరిపోతు నడక గాదు గిది, సాపు నడక" అన్నాడు. నేనూ వంగి చూశాను. ముందు కాలి లాడం అచ్చును దాటుకుని వెనక గిట్ట పడుతోంది, ప్రతి అడుగుకూ అంతే కొలతగా. ఒకటో నంబరుకు అలా లేదు, చిన్న చిన్న అడుగులు కొడుతోంది.

అంటే కాగితమూ ఐదే అంది, నేలా ఐదే అంది. ఇక కాయడమే కదా. నేనేం చేశానంటే, బుకీల బోర్డుల దగ్గరికి వెళ్లాను. ఒకటో నంబరు ధర సిక్స్ టు ఫోర్ నుంచి చూస్తుండగానే ఈవెన్స్‌కి, అంటే వందకు వందే లాభానికి, దిగింది. జనం తోసుకుంటున్నారు. చాయ్ దగ్గర ఒకాయన, నాకు ముక్కూమొహం తెలియదు, చెవిలో "లాయం నుంచి ఖబరు, ఒకటి తప్ప ఇంకోటి లేదు" అన్నాడు. ఐదో నంబరు ఫైవ్ టు వన్‌లో పడి ఉంది, అడిగేవాడు లేడు. ఇంతమందికి తెలిసింది నాకు తెలియదా, లాయం వాళ్ల కంటే నా వీడియో గొప్పదా అని ఒక్కసారి టెన్షన్ మొదలైంది. జేబులోంచి రబ్బరు తీసి, నిజంగానే తీసి, రాత్రి చుట్టిన సున్నాను చెరిపేశాను. గట్టిగా చుట్టానేమో పూర్తిగా పోలేదు. ఒకటో నంబరు మీద వంద కాశాను.

కాక కనబడలేదు. మూత్రానికి వెళ్లాడనుకున్నాను.

రేసు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఒకటో నంబరు గేటు తెరవగానే ముందుకు దూకింది, మలుపు దాకా అదే ముందు, జనం అరుపులకు చెవులు పగిలాయి. ఆఖరి రెండు వందల మీటర్లలో దాని తల కొద్దిగా పైకి లేచింది, అది అలసిన గుర్రం చేసే పని. బయటి నుంచి నల్లెరుపు చిన్న గుర్రం పెద్ద హడావిడి లేకుండా వచ్చి దాటేసింది. ఒకటో నంబరుది మూడో స్థానం.

వెనక నుంచి భుజం మీద చెయ్యి పడింది. కాక. చేతిలో టికెట్. "మంచిగ రాసినవురా బిడ్డా, ఐదే వచ్చింది" అన్నాడు. ఆయన కాగితంలో సున్నా ఉన్న నంబరు కాశాడు, అంతే. బోర్డుల వైపు తిరిగి చూడనే లేదు, చూసినా ఆయనకు అవి దేని ధరలో తెలియదు. 128 పెట్టినవాడికి 600 వచ్చాయి. "నువ్వు గూడ కాసినవు గద?" అని అడిగాడు. కాశానన్నాను. ఏది కాశానో చెప్పలేదు.

నాలుగో రేసు. "వదిలెయ్" అని నా చేత్తో నేను రాసుకున్న రేసు. పోయింది రాబట్టాలని మూడో నంబరు మీద రెండు వందలు కాశాను, పన్నుతో 256. ఎందుకు మూడో నంబరు అంటే జవాబు లేదు. ఏడో స్థానంలో వచ్చింది. ఆ రేసు నడుస్తున్నంతసేపూ కాక మెట్ల మీద కూర్చుని ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తిన్నాడు. ఆయన కాగితంలో ఆ రేసుకు నిలువు గీత ఉంది మరి.

ఐదో రేసులో రెండో నంబరు ఈవెన్స్ ధరకు గెలిచింది, ఇద్దరికీ 72 రూపాయల చొప్పున లాభం. ఆరో రేసుకు ముందు మాత్రం వాన దంచికొట్టింది. ఏడో నంబరు ఇంతవరకు గట్టి నేల మీదే బాగా పరుగెత్తింది, మెత్తటి నేల మీద రెండుసార్లూ ఆఖర్న వచ్చింది. ఇది రాత్రి నాకు తెలుసు కానీ వాన సంగతి తెలియదు. కాయడం మానేశాను. కాకకు కూడా చెప్పాను, "రాత్రి ఒకటి రాస్తవు, పొద్దుగాల ఒకటి చెప్తవు, నేను రాసిందే చూస్త" అన్నాడు. అది ఓడిపోయింది. ఆ రోజు మొత్తం మీద నేను కాగితాన్ని మార్చి బాగుపడింది ఆ ఒక్కసారే, మార్చడానికి వాన అనే కారణం ఉంది కాబట్టి దాన్ని నేను పిరికితనం కింద లెక్కేసుకోను. మూడో రేసుకు ఏ కారణమూ లేదు, పక్కవాడి గొంతు తప్ప.

ఏడో రేసు చూడకుండా బయటపడ్డాం, రైలు టైము. కాచిగూడ ప్లాట్‌ఫారం మీద కూర్చుని, అలవాటు ప్రకారం లెక్క రాశాను. నేను కట్టింది 640, చేతికొచ్చింది 200, నష్టం 440. కాక కట్టింది 512, వచ్చింది 800, లాభం 288. రెండు కాగితాలూ ఒకే చేతిరాత. నాది మడతలు పడి, మూడో రేసు దగ్గర రబ్బరు రుద్ది రుద్ది చిన్న చిల్లు పడింది. ఆయనది నాలుగు మడతలతో చొక్కా జేబులో ఇస్త్రీ చేసినట్టే ఉంది.

బిర్యానీ పొట్లాలు కాకే కొన్నాడు. తింటూ, వచ్చే ఆదివారం కూడా రేసులున్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను.

"అయితే శనివారం రాత్రి కాగితం రాసి నాకియ్యి" అన్నాడు. "నువ్వు మటుకు రాకు."